ప్యాలెట్ నైఫ్‌తో పాలపిట్ట – 3వ భాగం: తోక, రెక్క, ఛాతీ

పోయిన భాగంలో కాన్వాస్ బోర్డు మీద మోడలింగ్ పేస్ట్‌తో (ఆరితే గట్టిపడే చిక్కటి ముద్ద) పిట్ట ఒళ్లు పరిచి ఆరబెట్టమన్నాను కదా, ముందు దాన్ని వేలితో తాకి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే, ఇంకో రోజు వదిలేయండి. పైన గట్టిపడింది చాలు అనుకుని రంగు వేస్తే ప్యాలెట్ నైఫ్ (రంగు ఎత్తి పూసే పలచటి కత్తి) ఒత్తిడికి లోపలి పేస్ట్ కదిలిపోతుంది.

ఈరోజు అక్రిలిక్ రంగులు ఐదే: అల్ట్రామెరీన్ బ్లూ, థాలో బ్లూ, టైటానియం వైట్, బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు), కొంచెం ఎల్లో ఆకర్ (మట్టి పసుపు). నీళ్లు అసలు కలపకండి, పలచబడిన రంగు నైఫ్ మీద నిలవదు.

మన బొమ్మలో పిట్ట కరెంటు తీగ మీంచి లేవబోతూ రెక్క సగం విప్పింది. ఈక వేయడం ఎలాగంటే, నైఫ్ అంచుకు రంగు ఒక సన్నని వత్తిలాగా ఎత్తుకోండి, ఆ అంచును ఈక కొన దగ్గర ఆనించి, మెల్లగా నొక్కుతూ ఈక మొదలు వైపు లాగి, పైకి లేపేయండి. కొన దగ్గర రంగు గట్టులా నిలబడుతుంది, మొదలు దగ్గర పలచగా అయిపోతుంది. ఈ గట్టే మనకు కావలసింది! పక్క నుంచి వెలుగు పడితే గట్టు కింద సన్నటి నీడ పడుతుంది, ఈకను విడిగా చూపించేది ఆ నీడే, గీత గీయక్కర్లేదు.

అందుకే ఎప్పుడూ తోక నుంచి తల వైపు రండి. ఇల్లు పెంకులు కప్పేటప్పుడు చూరు నుంచి మొదలుపెట్టినట్టే ఇదీ, తర్వాతి వరుస గట్టు ముందు వరుస పలచటి మొదలును కప్పేస్తుంది. తల నుంచి మొదలుపెడితే వేసిన గట్లన్నీ మీ చేత్తోనే చదును చేసుకుంటారు.

తోక లేత నీలం, చివర ముదురు నీలం పట్టీ. రెక్కలో పొడవాటి ఈకలు ముందుగా అల్ట్రామెరీన్‌తో వేయండి, ఆరాక థాలో బ్లూలో బాగా వైట్ కలిపి, ఒక్కో ఈక మధ్యలో ఒక్క పొట్టి తాకుడు ఇవ్వండి, ఆ తాకుళ్లన్నీ కలిసి రెక్కకు అడ్డంగా లేత పట్టీ అవుతుంది. ఆ పట్టీని ఒకే లాగుడులో వేసేయాలని అనిపిస్తుంది కానీ వద్దు, కింద ఉన్న ఈకలన్నీ దాని కింద మాయమైపోతాయి.

ఇక ఛాతీ. రాష్ట్ర పక్షి, నీలం పిట్ట అని ఒళ్లంతా నీలం పూసేస్తారు చాలామంది. మహబూబ్‌నగర్ చుట్టుపక్కల పత్తి చేల పక్కన తీగ మీద పిట్ట కూర్చున్నప్పుడు ఒకసారి ఆగి చూడండి, గొంతూ ఛాతీ గులాబీ కలిసిన గోధుమ రంగు, వాటి మీద తెల్లటి సన్న చారలు, నీలం నడినెత్తిన, పొట్ట కింద, రెక్క అంచున మాత్రమే కనిపిస్తుంది. ఎగిరినప్పుడే అంత నీలమూ బయటపడుతుంది. సియెన్నా, ఆకర్, వైట్ మూడింటినీ పూర్తిగా కలపకుండా నైఫ్ మీద పక్కపక్కన ఎత్తుకుని చిన్న చిన్న తాకుళ్లు వేస్తే చారలు వాటంతటవే వస్తాయి. ఒకసారి వేసిన చోటికి మళ్లీ వెళ్లకండి, రెండోసారి రుద్దితే అంతా బురద రంగే.

దసరాకి పంజరంలో పెట్టి చూపించే పిట్టను మాత్రం ఫోటో తీసి వాడుకోకండి. రెక్కలు కట్టేసిన పిట్టలో ఈకల వరుస చెదిరిపోయి ఉంటుంది, పైగా దాన్ని పట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. పండగ పేరుతో దాన్ని హింసించడం నాకు చాలా బాధగా ఉంటుంది.

నల్గొండ ఎండల్లో వేసేవాళ్లకు ఇంకో మాట. అక్రిలిక్ ఆరేది నీరు ఆవిరై, కాబట్టి మే నెల మధ్యాహ్నం ప్యాలెట్ మీదే రంగుకు పొర కట్టేస్తుంది. పొద్దున్నే కూర్చోండి, ఫ్యాన్ ఆపేయండి, రంగు కొంచెం కొంచెంగానే పిండుకోండి, నైఫ్‌ను ప్రతి తాకుడుకీ పాత బట్టతో తుడవండి. ఎండిన ముక్క ఒక్కటి నైఫ్‌కి అంటినా ఈక మీద గీత పడిపోతుంది.

పూర్తయ్యాక బోర్డును నిలబెట్టకుండా నేల మీద పడుకోబెట్టండి, లేకపోతే మందపాటి గట్లు కిందికి జారతాయి. వచ్చే భాగంలో కన్ను, ముక్కు, తీగ. దానికి మొన సన్నగా ఉన్న చిన్న నైఫ్ ఒకటి తెచ్చిపెట్టుకోండి.