తక్కువ డబ్బులతో ఇంటికి పిలిచి భోజనం పెట్టడం ఎలా? దేవుడి మీద ఆధారపడి, అప్పు చేయకుండా

నెలాఖరు వచ్చేసరికి చేతిలో ఏమీ ఉండదు, అలాంటప్పుడు చర్చి సంఘంలో ఎవరినైనా భోజనానికి పిలవాలంటే భయం వేస్తుంది, చికెన్ లేకపోతే ఏమనుకుంటారో అని చాలామంది అసలు పిలవడమే మానేస్తున్నారు. కానీ బైబిల్లో హెబ్రీ పత్రికలో ఆతిథ్యము చేయ మరవకుడి అని రాసింది డబ్బున్నవాళ్ళకి మాత్రమే కాదు కదా. సారెపతు ఊరి విధవరాలిని చూడండి, కరువులో ఏలీయా ప్రవక్త వెళ్ళేసరికి ఆమె దగ్గర ఉన్నది తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె, అంతే. ఆయన కూడా విందు అడగలేదు, ఒక చిన్న అప్పము అడిగాడు. ఆ తర్వాత కూడా తొట్టి నిండిపోయిందని లేదు, పిండి తక్కువ కాలేదు అని ఉంది, అంటే ఏ రోజుకి కావాల్సింది ఆ రోజుకి దేవుడు చూసుకున్నాడు.

ముందుగా ఒక డబ్బా పెట్టుకోండి. రోజూ అన్నం వండేముందు కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి అందులో వెయ్యండి. గుప్పెడు 40 గ్రాములు అనుకున్నా నెలకి కేజీ పైనే అవుతుంది, పప్పు, కూర ఉంటే ఎనిమిది మందికి సరిపోతుంది. ఇది కొత్త సంగతేం కాదు, మిజోరంలో సంఘ స్త్రీలు 1910 నుంచి వంట చేసినప్పుడల్లా పిడికెడు బియ్యం పక్కన పెట్టి సంఘానికి ఇస్తున్నారు, అవి అమ్మిన డబ్బుతో ఎంతో మిషన్ పని జరిగింది. రేషన్ బియ్యమైనా పర్లేదు, నాలుగైదు సార్లు కడిగి అరగంట నానబెట్టి, ఉడికేటప్పుడు ఒక చెంచా నూనె వేస్తే అన్నం పొడిపొడిగా బాగానే వస్తుంది.

తర్వాత ఎవరిని పిలవాలి? పాస్టర్ గారి కుటుంబాన్ని అందరూ పిలుస్తారు, సంతోషమే. కానీ లూకా సువార్త 14వ అధ్యాయంలో యేసు ప్రభువు చెప్పింది తిరిగి మనల్ని పిలవలేని వాళ్ళని పిలవమని. హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లలు, ఆరాధన అయ్యాక ఒక్కతే ఇంటికి వెళ్ళి పొద్దున్న వండిన అన్నమే తినే పెద్దావిడ, ఊరికి కొత్తగా వచ్చిన కూలి కుటుంబం, వీళ్ళతో మొదలుపెట్టండి. శనివారమే చెప్పండి, "అమ్మగారూ రేపు గుడి అయ్యాక మా ఇంట్లోనే భోంచేద్దురుగాని, మేం తినేదే మీకూ" అని. ఆ చివరి మాట ముందే చెప్తే సగం భయం మీకూ పోతుంది, వాళ్ళకీ మొహమాటం ఉండదు. పక్కింటి హిందూ, ముస్లిం వాళ్ళని పిలిచినా వాళ్ళు ఏం తింటారో ఏం తినరో ముందే అడిగి అదే వండండి.

ఇక వంట. ఎనిమిది మందికి పావుకేజీ కందిపప్పు మెత్తగా ఉడికించి, నిమ్మకాయంత చింతపండు పులుసు, ఆనపకాయ ముక్కలు, రెండు మునక్కాయలు, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి వేసి బాగా మరగనిచ్చి చివర్లో ఇంగువ, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెడితే పెద్ద గిన్నెడు పప్పుచారు అవుతుంది. మనిషికో గుడ్డు చొప్పున ఉల్లిపాయలతో పులుసు, ఒక ఆకుకూర వేపుడు, మజ్జిగ. ఇంతకన్నా అక్కర్లేదు. ప్రేమగల చోట ఆకుకూరల భోజనము మేలు అని బైబిల్లో సామెతల గ్రంథంలోనే ఉంది. సేమ్యా పాయసం కుదిరితే చెయ్యండి, కుదరకపోతే వద్దు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. డ్వాక్రా లోన్ డబ్బులు, పిల్లల ఫీజుకి దాచినవి, తాకట్టు డబ్బులు భోజనాలకి వాడొద్దు, దాన్ని విశ్వాసం అనొద్దు. దేవుడికి వంద ఇస్తే వెయ్యి వస్తుందని ఎవరైనా చెప్పినా నమ్మొద్దు, దేవుడితో బేరం పెట్టుకోకూడదు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 1836లో అనాథ పిల్లలకి ఇల్లు తెరిచిన జార్జ్ ముల్లర్ మనుషుల దగ్గర చేయి చాపలేదు, ప్రార్థన మీదే ఆధారపడ్డాడు, అయినా అప్పు చేయలేదు, వచ్చినదానికీ ఖర్చైనదానికీ లెక్క రాసి అచ్చు వేయించేవాడు. మీరూ ఒక చిన్న నోట్‌బుక్ పెట్టండి.

మరి సరుకులు తక్కువైతే? కుటుంబమంతా కూర్చుని ఏం లేదో పేరు పెట్టి ప్రార్థన చెయ్యండి, నూనె అయితే నూనె అని. ఎవరైనా "ఏమైనా తీసుకురమ్మంటారా అక్కా" అంటే వద్దనకండి, పెరుగో అరటిపళ్ళో తెమ్మని చెప్పేయండి, దేవుడు పంపించేది చాలాసార్లు అలాగే వేరేవాళ్ళ చేతుల మీదుగా వస్తుంది, మనం మొహమాటంతో వెనక్కి పంపేస్తుంటాం.

వచ్చాక చాపలు వేసి కూర్చోబెట్టండి, ప్లేట్లు చాలకపోతే పక్కింట్లో అడగండి. వంట ముందే అయిపోవాలి, లేకపోతే యేసు ఇంటికి వస్తే పనుల్లోనే మునిగిపోయిన మార్తలాగా వంటింట్లోనే ఉండిపోతారు. తినేముందు చిన్న ప్రార్థన చాలు, ఆకలితో ఉన్నవాళ్ళ ముందు వాక్యం పొడిగించొద్దు. తిన్నాక వాళ్ళ కష్టాలు వినండి, అడిగితే ప్రార్థన చెయ్యండి. పెద్దావిడకి రాత్రికి కొంచెం పప్పుచారు గిన్నెలో పోసి ఇవ్వండి. అందరూ వెళ్ళాక ఏం ఖర్చైంది, ఎవరు ఏం తెచ్చారు, వచ్చే నెల ఎవరిని పిలవాలి అన్నది నోట్‌బుక్‌లో రాసేసుకోండి.