బాగుచేయించిన ఇల్లు అమ్ముడుపోవడానికి ఉపకరించిన పని – నా అనుభవం

కడపలో అమ్మకం కోసమే కొని బాగుచేయించిన మా పాత ఇంటిని చూసినవారందరూ మెచ్చుకునేవారు. కాగితాల నకళ్లు తీసుకెళ్లాక మాత్రం మళ్లీ ఫోను చేసేవారు కారు. ధర తగ్గించినా, మధ్యవర్తిని మార్చినా, మళ్లీ రంగులు వేయించినా లాభం లేకపోయింది.

దస్తావేజులో పాత డోరు నంబరు, ఇంటిపన్ను రసీదులో కొత్త నంబరు, దానిపై ఇంకా పాత యజమాని పేరు ఉన్నందున బ్యాంకు న్యాయవాది రుణానికి ఒప్పుకోవడం లేదని ఒక కొనుగోలుదారు చెప్పారు. మొదట నగరపాలక సంస్థలో పన్నును నా పేరిట మార్పించుకుని, రెండు నంబర్లూ ఒకే ఇంటివని ధ్రువపత్రం తీసుకున్నాను. తరువాత ఈసీని (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలను చూపే ధ్రువపత్రాన్ని) రెండు నంబర్లతోనూ తీయించాను. ఒక్క నంబరుతో వెతికితే పాత లావాదేవీలు తప్పిపోవచ్చు కనుక ఇది చాలా ముఖ్యం. వాటికి లింకు దస్తావేజులు (ఇల్లు అంతకుముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజులు) జోడించి, న్యాయవాది అభిప్రాయం ముందే రాయించి, ఇల్లు చూడవచ్చినవారి చేతికి ఆ ఫైలే మొదట ఇచ్చాను.

బ్యాంకు రుణంతో ఒక కుటుంబం కొనుక్కుంది. బ్యాంకు రుణం లేకుండా సొంత డబ్బుతో కొనేవారు దీనికోసం ఇంతగా పట్టుబట్టకపోవచ్చు. రిజిస్ట్రేషను చేయకూడదని ప్రభుత్వం చేర్చిన 22ఎ నిషేధిత జాబితాలో ఉన్న స్థలానికైతే ఈ దారి చాలదు.