టైల్స్ వేసే ముందు ఒక్క రోజు ఆగండి

తిరుపతిలో పాత ఇల్లు కొని వంటగది బాగు చేయిద్దామనుకుంటే అందరం ముందు టైల్స్ షాపుకే పరిగెడతాం. నేనూ అంతే. కానీ అసలు సంగతి గోడ లోపల ఉంటుంది. పాత ఇనుప పైపులు తుప్పు పట్టి, ఉప్పునీళ్ల గార పేరుకుని, లోపల సందే లేకుండా ఉంటాయి. వాటి మీదే టైల్స్ వేస్తే కొన్నాళ్లకు కొత్త గోడ పగలగొట్టాల్సిందే. గోడ చెక్కినప్పుడే సీపీవీసీ (వేడినీళ్లకూ ఆగే ప్లాస్టిక్) పైపులు వేయించండి. ఓవెన్, ఇండక్షన్ స్టవ్‌లకు 16 ఆంపియర్ల ప్లగ్గులు, విడిగా 4 స్క్వేర్ ఎంఎం వైరు పెట్టించండి.

తర్వాత పైపుల కొసలు మూసి, నీళ్లు నింపి ఒక రోజు వదిలేయండి. మేస్త్రీ తొందరపెడతాడు, పట్టించుకోకండి. చెమ్మ కనబడకపోతే గోడ పక్కన కొలత టేపు పట్టి, పైపులు, వైర్లు ఎక్కడెక్కడ పోతున్నాయో ఫోన్లో ఫొటోలు తీసుకోండి. రేపు అల్మరాకు డ్రిల్లు వేసేటప్పుడు అవే దిక్కు.

అన్నట్టు, పాత కడప బండలు పగలకుండా ఉంటే పారేయొద్దు. కొత్త గ్రానైట్ గట్టు కింద అరలకు బ్రహ్మాండంగా సరిపోతాయి.