కలేకాయలకి అడవికి వెళ్ళేముందు ఇవి చూసుకోండి

మే, జూన్ వచ్చిందంటే పిల్లల్ని తీసుకుని గుట్టల్లోకి కలేకాయలకి వెళ్తాం కదా, కొన్ని చోట్ల కలివి కాయలంటారు, ఏదైనా సరే పొద ఏదో తేలకుండా ఒక్క కాయ కూడా నోట్లో పెట్టొద్దు.

వీలైతే వేసవి మొదట్లో పూత ఉన్నప్పుడే వెళ్ళి పొద గుర్తుపెట్టుకోండి. తెల్లటి ఐదు రేకల చిన్న పూలు, మంచి వాసన, ఎదురెదురుగా చిన్న గుండ్రటి ఆకులు, గట్టి ముళ్ళు, తుంచితే పాలు. కాయ పచ్చగా ఉండి, ఎర్రబారి, పండితే నల్లగా అవుతుంది.

ఇక్కడే జాగ్రత్త. పచ్చగన్నేరుకి కూడా పాలొస్తాయి, అది కూడా ఇదే కుటుంబం, దాని కాయ కూడా ముదిరితే నల్లబడుతుంది, తింటే ప్రాణం పోతుంది. కాకపోతే దానికి ముళ్ళుండవు, ఆకు సన్నగా పొడుగు, పువ్వు పసుపు గంటలా ఉంటుంది. అంటే పాలు, రంగు చూసి నమ్మొద్దు, ముల్లు ఆకు పువ్వు మూడూ కలవాలి.

లాంటానా అనే పొద మొక్క కూడా ఉంటుంది, అది మన మొక్క కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చింది, దాని పచ్చికాయలు విషం. గురువింద గింజలు పిల్లల చేతికి అస్సలు ఇవ్వొద్దు.

పిట్టలు తింటున్నాయి కదా అని మనం తినేయకూడదు.

కర్ర, బూట్లు, నీళ్ళు మస్ట్, పొద కింద పాములుంటాయి. మందు కొట్టిన చేను గట్ల మీద కోయొద్దు. ఊళ్ళో పెద్దమ్మనో మేకలు కాసే తాతనో తోడు తీసుకెళ్తే ఇంకా మంచిది.

ఎవరైనా తెలియని కాయ తింటే ఆ కొమ్మ కూడా పట్టుకుని వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళండి.