ఆన్‌లైన్ రేడియో ఆగి ఆగి వస్తోందా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

ఆన్‌లైన్ రేడియో మొరాయించగానే చాలామంది రౌటర్ ఆపి మళ్లీ వేస్తారు, యాప్ తీసేసి మళ్లీ పెట్టుకుంటారు. ఒక్కోసారి దాంతో పాట మొదలవుతుంది కూడా. కానీ ఎందుకు ఆగిందో తెలియలేదు కాబట్టి మర్నాడు మళ్లీ అదే తంతు. స్టూడియోలో శబ్దాన్ని డిజిటల్ డేటాగా మార్చే ఎన్‌కోడర్, అక్కణ్నుంచి దాన్ని శ్రోతలకు పంపే సర్వర్, మధ్యలో ఇంటర్నెట్, ఇంట్లో వై-ఫై, ఆపైన ప్లేయర్, చివరికి స్పీకర్. శబ్దం ఇన్ని మజిలీలు దాటి చెవిన పడుతుంది. ఏ మజిలీలో తెగిందో తేలేదాకా ఏ సెట్టింగూ ముట్టుకోవద్దు.

ముందు మూడు పరీక్షలు

మొదటిది: అదే ప్లేయర్‌లో వేరే స్టేషన్ పెట్టండి. అది శుభ్రంగా వస్తే మీ నెట్, స్పీకర్ బాగానే ఉన్నట్టు. తప్పు ఆ ఒక్క స్టేషన్‌లోనో, మీ దగ్గరున్న దాని చిరునామాలోనో ఉంది.

రెండోది: అదే స్టేషన్‌ను వేరే ప్లేయర్‌లో పెట్టండి. దీనికి వీఎల్‌సీ మంచిది (స్టేషన్ చిరునామా అందులో ఎలా పెట్టాలో కింద ఉంది). ఉచితం, దాదాపు అన్ని రకాల స్ట్రీములూ (నెట్‌లో ఆగకుండా వచ్చే ప్రసారాలు) వినిపిస్తుంది. బ్రౌజర్‌లో రానిది వీఎల్‌సీలో వచ్చిందంటే ఇక వై-ఫై జోలికి వెళ్లనక్కర్లేదు.

మూడోది: ఫోన్‌లో వై-ఫై ఆపి, మొబైల్ డేటా మీద అదే స్టేషన్ వినండి. డేటా మీద వచ్చి వై-ఫై మీద రాకపోతే చూడాల్సింది మీ ఇంటి నెట్‌వర్క్‌నే.

ఒకసారికి ఒక్కటే మార్చండి. ప్లేయరూ నెట్‌వర్కూ రెండూ ఒకేసారి మారిస్తే రేడియో వస్తుందేమో గానీ, ఏది మార్చినందుకు వచ్చిందో తెలియదు.

అసలు మొదలే కాకపోతే

బ్రౌజర్‌లో పేజీ తెరవగానే దానంతటదే మోగాల్సిన రేడియో మోగకపోతే కంగారు పడొద్దు. వినేవారు పేజీ మీద ఎక్కడా నొక్కకుండా శబ్దం మొదలవడాన్ని క్రోమ్ 2018 నుంచి ఆపేస్తోంది. ప్లే బటన్ ఒకసారి నొక్కండి. నొక్కినా చక్రం తిరుగుతూనే ఉంటే యాడ్ బ్లాకర్‌ను ఆ పేజీకి మాత్రం ఆపి చూడండి. కొన్ని ప్లేయర్లు ముందు ఒక ప్రకటన వినిపించి ఆ తర్వాతే స్ట్రీమ్‌కు వెళ్తాయి. ప్రకటన రాకుండా అడ్డుకుంటే అవి అక్కడే చిక్కుకుపోతాయి.

ఇంకో సాధారణ కారణం పేజీ భద్రమైన హెచ్‌టీటీపీఎస్ చిరునామాతో, లోపలి స్ట్రీమ్ ఆ భద్రత లేని పాత హెచ్‌టీటీపీతో ఉండటం. క్రోమ్ ఆ స్ట్రీమ్‌ను కూడా హెచ్‌టీటీపీఎస్‌తోనే అడుగుతుంది. సర్వర్‌కు ఆ సదుపాయం లేకపోతే శబ్దం రాదు, తెర మీద హెచ్చరికా కనిపించదు. ఇది మీ వైపు నుంచి సరిచేయగలిగేది కాదు, కానీ దాటిపోయే దారి ఉంది: అసలు స్ట్రీమ్ చిరునామా పట్టుకుని వీఎల్‌సీలో పెట్టడం.

చిరునామా పట్టుకునే తీరు ఇది. కంప్యూటర్‌లో ఆ పేజీ తెరిచి ఎఫ్12 నొక్కండి. నెట్‌వర్క్ ట్యాబ్‌లో మీడియా అనే వడపోత ఎంచుకుని, అప్పుడు ప్లే నొక్కండి. కొత్తగా వచ్చిన వరుసల్లో ఒకదాని సైజు పెరుగుతూనే ఉంటుంది, ఎప్పటికీ పూర్తికాదు. మీ స్ట్రీమ్ అదే. దాని మీద కుడి క్లిక్ చేసి చిరునామా కాపీ చేసుకోండి. వీఎల్‌సీలో కంట్రోల్, ఎన్ కలిపి నొక్కితే తెరుచుకునే పెట్టెలో అతికించండి. అలాంటి వరుస కనపడకుండా, కొన్ని సెకన్లకొకటి చొప్పున చిన్న చిన్న ఫైళ్లు వస్తున్నాయంటే అది హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతి. అప్పుడు మీడియా వడపోత తీసేసి, ఎం3యూ8తో ముగిసే చిరునామా వెతికి దాన్నే తీసుకోవాలి. ముక్క ఫైలు చిరునామా పనికిరాదు, కాసేపటికే అది సర్వర్ మీద ఉండదు.

పీఎల్ఎస్, ఎం3యూ ఫైళ్లు ఆడియో కావు, స్ట్రీమ్ చిరునామా రాసిన చిన్న టెక్స్ట్ ఫైళ్లు మాత్రమే. ప్లేయర్ వాటిని తెరవలేకపోతే నోట్‌ప్యాడ్‌లో తెరిచి, లోపలి చిరునామాను నేరుగా వాడండి. చిరునామా బ్రౌజర్‌లో పెడితే పాటకు బదులు సర్వర్ వివరాల పేజీ వస్తే అది షౌట్‌కాస్ట్ అనే రేడియో సర్వర్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ అయ్యుండవచ్చు. అడిగింది బ్రౌజర్ అని గుర్తుపట్టి ఆ సర్వర్ శబ్దం బదులు పేజీ చూపిస్తుంది. చిరునామాలో కోలన్ పక్కనుండే పోర్ట్ సంఖ్య తర్వాత /; చేరిస్తే చాలాసార్లు శబ్దం వస్తుంది.

ఇంట్లో వచ్చేది ఆఫీసులోనో కాలేజీలోనో రాకపోతే పోర్ట్ చూడండి. షౌట్‌కాస్ట్, అలాంటిదే అయిన ఐస్‌కాస్ట్ సర్వర్లు మామూలుగా పోర్ట్ 8000 మీద నడుస్తాయి. చాలా సంస్థల ఫైర్‌వాల్ 80, 443 తప్ప మిగతావి మూసేస్తుంది. అదే స్టేషన్‌కు 443 మీద వచ్చే హెచ్‌టీటీపీఎస్ చిరునామా ఉందేమో వెతకండి.

దోష సంఖ్య కనిపిస్తే అదే సగం జవాబు. 404 అంటే ఆ చిరునామాలో ఏమీ లేదు: స్టేషన్ ప్రసారం ఆపిందనో, చిరునామా మార్చిందనో అర్థం. 403 అంటే సర్వర్ మీకు ఇవ్వనంటోంది: దేశం బట్టి పరిమితి కావచ్చు, వీపీఎన్ వల్ల కావచ్చు. వీపీఎన్ వాడుతుంటే ఆపి చూడండి. సర్టిఫికెట్ గురించి ఫిర్యాదు వస్తే ముందు పరికరంలో తేదీ, సమయం సరిగా ఉన్నాయో లేదో చూడండి. గడియారం తప్పితే మంచి సర్టిఫికెట్ కూడా కాలం చెల్లినదిగా కనిపిస్తుంది.

మొదలై, మధ్యమధ్యలో ఆగుతుంటే

స్పీడ్ టెస్ట్ 50 ఎంబీపీఎస్ చూపిస్తుంది, రేడియో మాత్రం నిమిషానికోసారి తెగుతుంది. ఎక్కువమందిని తికమక పెట్టేది ఇదే. 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్లు) స్ట్రీమ్‌కు సెకనుకు 16 కిలోబైట్లు చాలు, ఎందుకంటే 8 బిట్లు ఒక బైటు. 50 ఎంబీపీఎస్‌లో అది అర శాతం కూడా కాదు. రేడియోకు కావాల్సింది వేగం కాదు, తెగకుండా రావడం. వీడియో సైట్లు మీరు చూస్తున్న చోటుకు ఎంతో ముందుభాగం దించి పెట్టుకోగలవు. ప్రత్యక్ష ప్రసారానికి ఆ వీలు లేదు, ఎందుకంటే వచ్చే నిమిషంలో వినిపించాల్సింది ఇంకా స్టూడియోలో పుట్టనే లేదు.

ఐస్‌కాస్ట్ సర్వర్ మామూలు సెట్టింగ్‌లో, మీరు కనెక్ట్ కాగానే దాదాపు 64 కిలోబైట్లు ఒక్కసారిగా పంపుతుంది. 128 కేబీపీఎస్ వద్ద అది 4 సెకన్ల శబ్దం. ఆ తర్వాత అంతా అప్పటికప్పుడు వచ్చేదే. అంటే మీ దగ్గరున్న నిల్వ నాలుగు సెకన్లే. నెట్ ఐదు సెకన్లు ఆగితే నిశ్శబ్దం తప్పదు. ఇదే లెక్కన 64 కేబీపీఎస్ స్ట్రీమ్ ఎంచుకుంటే అవే 64 కిలోబైట్లలో 8 సెకన్లు పడతాయి. తక్కువ బిట్‌రేట్ (సెకనుకు వచ్చే డేటా) ఉన్న స్ట్రీమ్ తెగకుండా రావడానికి అసలు కారణం ఇదే. చాలా స్టేషన్లు రెండు మూడు బిట్‌రేట్లు ఇస్తాయి. సిగ్నల్ బాగాలేని చోట తక్కువదే వాడండి.

నిల్వ మీరే పెంచుకోవచ్చు. వీఎల్‌సీలో ఇందాకటి పెట్టెలోనే అదనపు ఎంపికలు చూపించే గడి టిక్ చేస్తే కాషింగ్ అనే అంకె కనిపిస్తుంది. అది మిల్లీసెకన్లలో ఉంటుంది. 10000 పెట్టండి. సర్వర్ ఒక్కసారిగా ఇచ్చేది నాలుగు సెకన్లే కాబట్టి మిగతా ఆరు సెకన్లు నిండేదాకా నిశ్శబ్దంగా ఉంటుంది, పాడైందనుకుని ఆపేయకండి. అలాగని 60 సెకన్లు పెట్టడం తెలివి కాదు. ఐస్‌కాస్ట్ మామూలుగా ఒక్కో శ్రోత కోసం 512 కిలోబైట్ల వరకే దాచిపెడుతుంది. 128 కేబీపీఎస్ వద్ద అది 32 సెకన్లు. అంతకన్నా వెనకబడిన శ్రోతను సర్వర్ తెంచేస్తుంది. కాసేపు పాజ్ చేసి తిరిగొచ్చి ప్లే నొక్కితే కొన్ని క్షణాలు పాడి ఆగిపోవడం వెనక చాలాసార్లు ఉండే కారణం ఇదే.

ఇక తెగుతున్నది ఇంట్లోనా, బయటా? పింగ్‌తో, అంటే ఒక చిరునామాకు చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూసే ఆదేశంతో తేల్చవచ్చు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ ఆదేశానికి రౌటర్ చిరునామా ఇవ్వండి. చాలా ఇళ్లలో అది 192.168.1.1 లేదా 192.168.0.1. చివర హైఫన్, టీ చేరిస్తే మీరు ఆపేదాకా నడుస్తుంది. ఇంకో కిటికీలో బయటి ఇంటర్నెట్‌లోని గూగుల్ సర్వర్ 8.8.8.8కి కూడా పెట్టండి. రేడియో ఆగిన క్షణంలో రెండూ చూడండి. రౌటర్ నుంచే జవాబు రాకపోయినా, రెండు మూడు మిల్లీసెకన్లలో వచ్చేది వందల్లోకి పోయినా గొడవ వై-ఫైదే. రౌటర్ నిలకడగా ఉండి 8.8.8.8 మాత్రమే తెగితే నెట్ ఇచ్చేవారికి ఫిర్యాదు చేయాలి. ఆ కిటికీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే మాట తప్పించుకోలేరు. రెండూ నిలకడగా ఉండి రేడియో ఒక్కటే ఆగితే అనుమానం సర్వర్ మీదికో ప్లేయర్ మీదికో వెళ్తుంది.

గొడవ వై-ఫైదైతే, వీలుంటే కేబుల్ పెట్టండి, అంతకు మించిన మందు లేదు. లేదంటే 5 గిగాహెర్ట్జ్‌కు మారండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో పక్కిళ్ల రౌటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ ఒకే చోట కిక్కిరిసి ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్ గోడలు దాటడంలో బలహీనం కాబట్టి దూరపు గదిలో 2.4 తప్పకపోవచ్చు. అప్పుడు ఛానల్ 1, 6, 11లలో ఖాళీగా ఉన్నది ఎంచుకోండి.

ప్రయాణంలో తెగుతుంటే హెచ్‌ఎల్‌ఎస్ స్ట్రీమ్ వెతకండి. ఇది కొన్ని సెకన్ల ముక్కలుగా వస్తుంది. మధ్యలో కనెక్షన్ మారినా తర్వాతి ముక్క కొత్త దారిలో తెచ్చుకుంటుంది. బదులుగా ప్రసారం అర నిమిషం దాకా ఆలస్యంగా వినిపించవచ్చు.

స్క్రీన్ ఆరిన కాసేపటికి ఆగిపోతే

ఇది నెట్ సమస్య కాదు. ఆండ్రాయిడ్ బ్యాటరీ ఆదా కోసం వెనక నడిచే యాప్‌ను ఆపేస్తోంది. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో మీ రేడియో యాప్, దాని బ్యాటరీ పేజీలో అన్‌రిస్ట్రిక్టెడ్ ఎంచుకోండి. కొన్ని ఫోన్లలో తయారీదారు పెట్టిన ఇంకో బ్యాటరీ మేనేజర్ వేరే ఉంటుంది, అందులోనూ అనుమతించాలి. డేటా సేవర్ ఆన్‌లో ఉంటే ఈ యాప్‌కు మినహాయింపు ఇవ్వండి. బ్రౌజర్ ట్యాబ్‌లో కన్నా యాప్‌లో వినడం మేలు.

వస్తోంది కానీ బాగా లేదు

బ్లూటూత్ హెడ్‌సెట్‌లో ఉన్నట్టుండి పాట టెలిఫోన్‌లో విన్నట్టు మారితే, ఏదో ప్రోగ్రాం మైకు తెరిచింది. మైకు వాడగానే హెడ్‌సెట్ కాల్ మోడ్‌లోకి వెళ్తుంది. ఆ ప్రోగ్రాం మూసేయండి, లేదా అందులో కంప్యూటర్ మైకు ఎంచుకోండి.

మాటలు స్పష్టంగానే ఉండి సన్నని ధ్వనులు లేనట్టు, దుప్పటి కప్పినట్టు ఉంటే స్ట్రీమ్ హెచ్‌ఈ-ఏఏసీ (శబ్దాన్ని బాగా కుదించే ఒక పద్ధతి) అయ్యుంటుంది. పాత ప్లేయర్లు అందులో పైస్థాయి ధ్వనులకు సంబంధించిన భాగాన్ని చదవలేక వదిలేస్తాయి. వీఎల్‌సీలో కంట్రోల్, జే నొక్కితే కోడెక్, అంటే శబ్దాన్ని కుదించిన పద్ధతి వివరాలు కనిపిస్తాయి. ప్లేయర్ మార్చండి, లేదా అదే స్టేషన్ ఎంపీ3 స్ట్రీమ్ తీసుకోండి.

విడి ఇంటర్నెట్ రేడియో సెట్లు

ఒకప్పుడు బాగా పనిచేసిన సెట్‌లో స్టేషన్ల జాబితా మొత్తం మాయమైతే సెట్ చెడిపోలేదు. ఇవి జాబితాను బయటి సేవ నుంచి తెచ్చుకుంటాయి. రెసివా సేవ 2021లో మూతపడినప్పుడు దాన్ని నమ్ముకున్న సెట్లన్నీ ఒక్కసారిగా గుడ్డివయ్యాయి. సెట్‌లో చిరునామా చేత్తో ఎక్కించే వీలుందేమో చూడండి. పాత సెట్లు చాలావరకు హెచ్‌టీటీపీఎస్ అందుకోలేవు కాబట్టి హెచ్‌టీటీపీ, ఎంపీ3 స్ట్రీమ్‌నే ఇవ్వండి.

తప్పు స్టేషన్‌దే అని తేలితే

ఖాయం చేసుకోవడానికి ఒకటే పరీక్ష: ఒక ఫోన్ వై-ఫై మీద, ఇంకోటి మొబైల్ డేటా మీద పెట్టి రెండూ వినండి. రెండూ ఒకే మాట దగ్గర తెగితే లోపం స్టూడియో నుంచి సర్వర్‌కు వెళ్లే దారిలోనో, సర్వర్‌లోనో ఉంది. అప్పుడు స్టేషన్‌కు రాయండి. "రేడియో రావట్లేదు" అని రాస్తే వారికి ఏమీ తెలియదు. ఏ స్ట్రీమ్ చిరునామా, టైమ్ జోన్‌తో సహా ఏ సమయానికి ఆగింది, ఎన్ని సెకన్లకు తిరిగొచ్చింది, ఏ ప్లేయర్, ఏయే నెట్‌వర్క్‌ల మీద చూశారు, ఏ దోష సంఖ్య వచ్చింది, ఇవన్నీ రాయండి. సమయం నిమిషంతో సహా ఉంటే వారు సర్వర్ లాగ్‌లో సరిగ్గా ఆ వరుసకే వెళ్లి చూడగలరు.