న్యూట్రోఫిల్ యాంటీబాడీలు, 3వ పాఠం: ప్యానెల్ చదవడం

పోయిన పాఠంలో ఏఎన్‌సీ (ఒక మైక్రోలీటరు రక్తంలో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు ఎన్నున్నాయో) లెక్క కట్టాం, న్యూట్రోఫిల్స్ మీద యాంటీబాడీలు పట్టుకునే గుర్తులు, అంటే హెచ్‌ఎన్‌ఏ-1 నుంచి 5 దాకా, ఏది ఏ ప్రోటీన్ మీద ఉంటుందో చూశాం. అదంతా గుర్తు లేకపోయినా ఫర్వాలేదు, ఇవాళ్టికి ఇంత చాలు: హెచ్‌ఎన్‌ఏ-1 సీడీ16బి మీద, హెచ్‌ఎన్‌ఏ-2 సీడీ177 మీద ఉంటాయి, ఈ రెండూ న్యూట్రోఫిల్స్‌కే పరిమితం. మిగతా మూడూ వేరే తెల్లకణాల మీద కూడా కనిపిస్తాయి.

ఒక కేసు కల్పిద్దాం. తొమ్మిది నెలల పాప, చెవిలో ఇన్ఫెక్షన్, తెల్లకణాలు 6,000, అందులో న్యూట్రోఫిల్స్ 5 శాతం. ఏఎన్‌సీ ఎంత? 300. 500 కంటే తక్కువ కాబట్టి పేరుకి 'తీవ్రం', పాప మాత్రం హాయిగా ఆడుకుంటోంది. ఇక్కడే అమ్మానాన్నలకి టెన్షన్, మనకి అనుమానం: శిశువుల్లో వచ్చే ఆటోఇమ్యూన్ న్యూట్రోపీనియా (ఒంట్లోని యాంటీబాడీలే సొంత న్యూట్రోఫిల్స్‌ని తగ్గించేయడం) ఏమో అని. పాప కణాల మీదే యాంటీబాడీ అతుక్కుని ఉందేమో నేరుగా చూడొచ్చు కదా అంటారు. చూడటానికి కణాలేవి? ఉన్న కాసిని దొరికినా, సీడీ16బి అసలు పనే ఐజీజీ రకం యాంటీబాడీల్ని పట్టుకోవడం, కాబట్టి ఇమ్యూన్ కాంప్లెక్సులు (యాంటీబాడీలు వేరే వాటితో కలిసి కట్టిన ముద్దలు) అంటుకున్నా పాజిటివ్ వచ్చేస్తుంది. అందుకే పాప సీరం తీసుకుని, టైపింగ్ తెలిసిన (ఎవరి కణాల మీద ఏ హెచ్‌ఎన్‌ఏ రకం ఉందో తెలిసిన) దాతల న్యూట్రోఫిల్స్ మీద పరీక్షిస్తాం. ఈ దాతల వరసే ప్యానెల్.

పరీక్షలు ముఖ్యంగా రెండు: గిఫ్ట్, గాట్. గిఫ్ట్‌లో దాత కణాల్ని పారాఫార్మాల్డిహైడ్‌తో స్థిరపరిచి, సీరం కలిపి, మెరిసే యాంటీ-ఐజీజీ వేసి ఒక్కో కణం మెరుపుని కొలిచే ఫ్లో సైటోమీటర్‌లో చూస్తారు. గాట్‌లో కణాలు బతికే ఉండాలి, ఎందుకంటే అవి తమంతట తాము కదిలి గుంపు కట్టాలి. సీరం ఫ్రీజర్‌లో దాచుకోవచ్చు గానీ దాత రక్తం మాత్రం తాజాగా కావాల్సిందే, ఈ పరీక్షలు చేసే ల్యాబులు తక్కువ ఉండటానికి ఇదో పెద్ద కారణమని నా అభిప్రాయం. ఒక్కటే చేసి 'నెగటివ్' అని రాసిచ్చే రిపోర్టుని నేనైతే నమ్మను: హెచ్‌ఎన్‌ఏ-3ఎ (హెచ్‌ఎన్‌ఏ-3లో ఒక రకం) యాంటీబాడీలు గాట్‌లో బాగా దొరుకుతాయి, పలచగా ఉన్న ఆటోయాంటీబాడీలకి గిఫ్ట్ నయం, అదీ ఒక్కోసారి మళ్లీ శాంపిల్ తీసి చేస్తే గాని బయటపడవు.

పాప ఫలితాలు చూద్దాం. 1ఎ, 1బి అంటే హెచ్‌ఎన్‌ఏ-1లో రకాలు, ఒక్కొక్కరికి అమ్మానాన్నల నుంచి ఒక్కోటి. మొదటి దాత 1ఎ/1ఎ, గట్టి పాజిటివ్. రెండో దాత 1ఎ/1బి, కొంచెం తక్కువ పాజిటివ్. మూడు, నాలుగు ఇద్దరూ 1బి/1బి, నెగటివ్. ఇక్కడ ఆగి 'యాంటీ-1ఎ' అని రాసేయకండి, ముందు లిఫ్ట్ చూడండి, అంటే అదే దాతల లింఫోసైట్ల (ఇంకో రకం తెల్లకణాల) మీద అదే సీరం. అక్కడ కూడా వెలిగితే హెచ్‌ఎల్‌ఏ (చాలా రకాల కణాల మీద ఉండే వేరే గుర్తులు) యాంటీబాడీలు కావచ్చు, హెచ్‌ఎన్‌ఏ-3 కూడా కావచ్చు. రెండూ కలిసి ఉంటే విడదీయడానికి మైగా (ఒక్కో ప్రోటీన్‌ని విడిగా పట్టి చూసే పరీక్ష) కావాలి, దానికో పాఠం ఉంది. మన పాపకి లిఫ్ట్ అంతా నెగటివ్, కాబట్టి యాంటీ-1ఎ. ఈ వయసు పిల్లల్లో ఎక్కువగా దొరికేదీ అదే. పాప సొంత టైపింగ్ డీఎన్‌ఏ మీద చేయిస్తే 1ఎ ఉందో లేదో తేలుతుంది, ఉంటే తన కణాల మీదే తన యాంటీబాడీ. తల్లి నుంచి వచ్చిందా అనే ప్రశ్న తొమ్మిదో నెలకి దాదాపు ఉండదు, ఆ ఐజీజీ అప్పటికే కరిగిపోయి ఉంటుంది. చాలామంది పిల్లల్లో ఇది రెండు మూడేళ్లలో దానంతట అదే తగ్గిపోతుంది.

ఇంకొక్కటి, అంకెల్లో కాకుండా గ్రాఫులో దొరికేది. సీడీ177 మనిషిలోని అన్ని న్యూట్రోఫిల్స్ మీదా ఉండదు, కొన్నిటి మీదే ఉంటుంది. అందుకని యాంటీ-హెచ్‌ఎన్‌ఏ-2 ఉన్న సీరంతో హిస్టోగ్రామ్‌లో (ఎంత మెరుపుతో ఎన్ని కణాలున్నాయో చూపే గ్రాఫులో) మామూలుగా రెండు శిఖరాలు వస్తాయి. సగటు మెరుపు చూసి వదిలేసేవాళ్లకి ఇది కనబడదు.

ఇక మీ వంతు. పుట్టిన రెండో రోజు బిడ్డ, ఏఎన్‌సీ 200, తల్లి కౌంట్ మామూలే. తల్లి సీరం నలుగురు దాతల మీదా గిఫ్ట్ పాజిటివ్, లిఫ్ట్ నాలుగూ నెగటివ్, హిస్టోగ్రామ్‌లో ఒకటే శిఖరం. ఏ యాంటీబాడీ, తల్లి న్యూట్రోఫిల్స్ మీద ఏ ప్రోటీన్ వెతుకుతారు? జవాబు రాసి పెట్టుకోండి, నాలుగో పాఠం అక్కణ్నుంచే మొదలవుతుంది.