ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఇల్లినాయ్ దాకా: గుస్తావ్ కోర్నర్ జీవితాన్ని తెలుగులో రాయాలంటే

గుస్తావ్ కోర్నర్ జర్మనీ నుంచి అమెరికాకు పారిపోయి వచ్చి అక్కడ లాయరుగా, రాజకీయ నాయకుడిగా ఎదిగినవాడు. ఆయన గురించి తెలుగులో రాసేవాళ్లు ముందుగా బోల్తాపడేది ఆయన పదవుల దగ్గరే. ఆయన ఇల్లినాయ్ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్. ఆ మాట వినగానే మనకు ఢిల్లీ, పుదుచ్చేరి గుర్తొస్తాయి, రాష్ట్రపతి నియమించిన అధికారి అనుకుంటాం. ఇల్లినాయ్‌లో మాత్రం జనం ఓట్లేసి ఎన్నుకునే పదవి అది. ఆ రోజుల్లో రాష్ట్ర సెనేట్‌కు అధ్యక్షత వహించేది కూడా ఆయనే. అమెరికా గవర్నర్‌ను కూడా మన గవర్నర్‌తో పోల్చకండి, అధికారాల్లో మన ముఖ్యమంత్రికి దగ్గర. ‘ఇల్లినాయ్ సుప్రీంకోర్టు’ అంటే ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం, మన లెక్కలో హైకోర్టు స్థాయి. ‘సుప్రీంకోర్టు జడ్జి’ అని ఊరుకుంటే పాఠకులు వాషింగ్టన్ అనుకుంటారు, కాబట్టి ప్రతిసారీ రాష్ట్రం పేరు జోడించండి.

అన్నిటికంటే ఎక్కువగా పొరబడేది స్పెయిన్ విషయంలో. 1862 నుంచి 1864 వరకు ఆయన స్పెయిన్‌లో అమెరికా ‘మినిస్టర్’. దీన్ని ‘మంత్రి’ అని రాస్తే వాక్యం మొత్తం తప్పవుతుంది. అమెరికా తన దూతలకు అంబాసిడర్ హోదా ఇవ్వడం మొదలుపెట్టింది 1893లో. అంతకుముందు మినిస్టర్ అంటే దౌత్య ప్రతినిధి. ‘స్పెయిన్‌లో అమెరికా దౌత్య ప్రతినిధి’ అని రాస్తే సరిపోతుంది.

రాయడానికి కూర్చునే ముందు ఏళ్ల పట్టిక ఒకటి వేసుకోండి. జననం 1809 నవంబర్ 20, ఫ్రాంక్‌ఫర్ట్. యేనా, మ్యూనిక్, హైడెల్‌బర్గ్‌లలో న్యాయశాస్త్రం. 1833 ఏప్రిల్ 3న ఫ్రాంక్‌ఫర్ట్ కాపలా ఠాణాల మీద ఉదారవాదుల దాడి, అందులో పాల్గొని గాయపడటం, ఫ్రాన్స్ మీదుగా అమెరికాకు పారిపోవడం. 1835లో ఇల్లినాయ్‌లో లాయరుగా అనుమతి. 1842లో రాష్ట్ర ప్రతినిధుల సభకు ఎన్నిక. 1845 నుంచి 1848 వరకు రాష్ట్ర సుప్రీంకోర్టు. 1853 నుంచి 1857 వరకు లెఫ్టినెంట్ గవర్నర్. 1872లో గవర్నర్ పదవికి పోటీచేసి రిచర్డ్ ఓగల్స్‌బీ చేతిలో ఓటమి. మరణం 1896 ఏప్రిల్ 9, ఇల్లినాయ్‌లోని బెల్‌విల్. ఎన్నిక జరిగిన ఏడాదీ పదవిలో చేరిన ఏడాదీ వేరువేరు గళ్లలో పెట్టండి. లెఫ్టినెంట్ గవర్నర్ ఎన్నిక 1852 నవంబర్‌లో జరిగితే బాధ్యతలు 1853 జనవరిలో మొదలయ్యాయి. ఈ రెండూ కలిపేయడం వల్లే చాలా వ్యాసాల్లో ఒక ఏడాది తేడా కనిపిస్తుంది.

ఇంకో జాగ్రత్త. జర్మనీ నుంచి పారిపోయిన ఉదారవాది అనగానే 1848లో జర్మన్ రాజ్యాల్లో తిరుగుబాటు చేసి ఓడిపోయిన విప్లవకారుల జాబితాలో కలిపేస్తారు. కోర్నర్ అప్పటికే అమెరికాలో పదిహేనేళ్లుగా ఉన్నాడు. ఆయనది 1830ల తరం. ముందు వచ్చినవాళ్లను ‘గ్రావెన్’, అంటే నెరిసినవాళ్లు అనీ, 1848 తర్వాత వచ్చినవాళ్లను ‘గ్రూనెన్’, అంటే పచ్చివాళ్లు అనీ పిలిచేవారు. ఈ రెండు తరాలకూ పడేది కాదు. కోర్నర్‌ను ఏ వరుసలో నిలబెడుతున్నారో తెలియకుండా రాస్తే 1850ల రాజకీయం అర్థం కాదు.

ఇక పత్రాలు. మొదట ఆయన ఆత్మకథ తీయండి. వృద్ధాప్యంలో ఇంగ్లీషులో రాసుకున్నది, చనిపోయిన పదమూడేళ్లకు, 1909లో రెండు సంపుటాలుగా అచ్చయింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతుంది. మనుషుల గురించి, ఊళ్ల గురించి ఇంత వివరంగా చెప్పే ఆధారం మరొకటి లేదు. అయితే దశాబ్దాల తర్వాత గుర్తుచేసుకుని రాసినది కాబట్టి తేదీలు, ఓట్ల లెక్కలు దాని మీద ఆధారపడి రాయకండి. వాటిని అప్పటి పత్రికలతో, శాసనసభ రికార్డులతో సరిచూసుకోండి.

ప్రయాణం ఆధారాల కోసం జర్మనీ వైపు వెతికితే చేతికి ఏమీ రాదు. హాంబర్గ్ రేవు ప్రయాణికుల జాబితాలు మొదలయ్యేదే 1850లో, బ్రేమెన్‌వి చాలావరకు నాశనమైపోయాయి. పైగా ఆయన ఓడ ఎక్కింది ఫ్రాన్స్‌లోని లె హావ్ర్‌లో. దొరికేది దిగిన వైపే. 1820 నుంచి ఓడ కెప్టెన్లు ప్రయాణికుల పేరు, వయసు, వృత్తి, దేశం రాసి ఇవ్వాలని చట్టం వచ్చింది. న్యూయార్క్ జాబితాలు అమెరికా జాతీయ ఆర్కైవ్స్ మైక్రోఫిల్మ్ ఎం 237లో ఉన్నాయి. న్యూయార్క్‌లో వలసదారులను తనిఖీ చేసిన ఎల్లిస్ ఐలాండ్ పేరు మాత్రం రాయకండి, అది తెరిచింది 1892లో.

పౌరసత్వం దగ్గర కాస్త ఆగండి. అప్పటి చట్టం ప్రకారం అయిదేళ్ల నివాసం ఉండాలి. 1833లో దిగినవాడికి 1838 కంటే ముందు పౌరసత్వం రాదు. ముందుగా ఉద్దేశ ప్రకటన, తర్వాత తుది ప్రమాణం, ఇలా రెండు కాగితాలుంటాయి. 1906 వరకు ఏ కోర్టు ఆఫ్ రికార్డులోనైనా, అంటే తన విచారణలను రాసి భద్రపరిచే ఏ కోర్టులోనైనా, ఇవి పూర్తిచేసుకోవచ్చు, దేశమంతటికీ ఒకే ఫారం లేదు. అందుకే వాషింగ్టన్‌లో కాకుండా కౌంటీ (మన జిల్లా లాంటిది) కోర్టు పుస్తకాల్లో వెతకండి. ఈ ప్రమాణంలో ఏ రాజుకు విధేయత వదులుకుంటున్నాడో పేరు పెట్టి రాస్తారు. 1871 వరకు జర్మనీ ఒకే దేశం కాదు. ప్రష్యా రాజు పేరుంటే ఒక ప్రాంతం, హెస్సె డ్యూక్ పేరుంటే మరో ప్రాంతం, ఫ్రాంక్‌ఫర్ట్ అయితే 1866 దాకా స్వతంత్ర నగరం. ఆ ఒక్క పంక్తి మనిషి ఏ జర్మన్ రాజ్యం నుంచి వచ్చాడో బయటపెడుతుంది. కోర్నర్‌కే కాదు, ఏ జర్మన్ వలసదారుకైనా ఇది పనికొస్తుంది.

జనాభా లెక్కల్లో 1850కి ముందు ఇంటిపెద్ద పేరొక్కటే ఉంటుంది, మిగతావాళ్లు వయసుల వారీ అంకెలు మాత్రమే. 1890 లెక్కలు 1921 అగ్నిప్రమాదం తర్వాత దాదాపు మిగల్లేదు. ఆయన చివరి ఏళ్లకు మరణ వార్తలు, ఊరి డైరెక్టరీలే దిక్కు.

పేరు విషయంలో ఓపిక కావాలి. జర్మన్‌లో ‘ఓ’ మీద రెండు చుక్కలు, అమెరికాలో ఆ చుక్కలకు బదులు ‘ఓ’ పక్కన ‘ఈ’. గుస్తావ్, గుస్టేవ్, గుస్టావస్, ఈ మూడూ ఆయనే. 1865 మే 4న స్ప్రింగ్‌ఫీల్డ్‌లో లింకన్ శవపేటిక వెంట నడిచిన పెద్దల జాబితాలో గుస్టావస్ అనే ఉంటుంది. పాత పత్రికల స్కాన్లలో ఇంకో చిక్కుంది: ‘ఆర్’, ‘ఎన్’ అతుక్కుపోయి కంప్యూటర్ ‘ఎం’గా చదువుతుంది, కోర్నర్ కాస్తా కోమర్ అవుతాడు. ఆ తప్పు స్పెల్లింగుతో కూడా వెతికితే కొత్త వార్తలు బయటపడతాయి. బెల్‌విల్లర్ త్సైటుంగ్, సెయింట్ లూయిస్‌లోని అన్‌త్సైగర్ దెస్ వెస్టెన్స్ లాంటి జర్మన్ పత్రికలు ఫ్రాక్టూర్ అనే పాత జర్మన్ అచ్చు లిపిలో ఉంటాయి. అందులో పొడవాటి ‘ఎస్’ అచ్చం ‘ఎఫ్’ లా కనిపిస్తుంది. సభ అనే అర్థమున్న ఫెర్‌జామ్‌లుంగ్ మాట కోసం వెతికేటప్పుడు మధ్యలో ఉన్న ‘ఎస్’ స్థానంలో ‘ఎఫ్’ పెట్టి మరోసారి వెతకండి. వట్టి కోర్నర్ అని కొడితే జర్మన్ కవి థియొడోర్ కోర్నర్ వచ్చిపడతాడు. బెల్‌విల్ అనో సెయింట్ క్లెయిర్ కౌంటీ అనో జోడిస్తే ఆ బెడద తగ్గుతుంది. తెలుగులో మాత్రం ఒక్క రూపమే ఎంచుకుని చివరిదాకా అదే వాడండి.

రాసేటప్పుడు అన్ని ఏళ్లకూ సమానంగా చోటివ్వొద్దు. రెండు మలుపుల దగ్గర నిలబడండి. మొదటిది 1833 నుంచి 1835 వరకు. మిస్సోరిలో స్థిరపడదామనుకుని, అక్కడి బానిసత్వం చూసి మనసు విరిగి మిసిసిపీ నదికి ఇవతలి ఇల్లినాయ్‌లో ఆగిపోయాడు. చుట్టుపక్కల పొలం చేస్తున్న చదువుకున్న జర్మన్లను ‘లాటిన్ రైతులు’ అనేవారు. హైడెల్‌బర్గ్ డిగ్రీ ఉన్నా అమెరికా చట్టం వేరు. కెంటకీలోని లెక్సింగ్టన్‌కు వెళ్లి ట్రాన్సిల్వేనియా యూనివర్సిటీలో మళ్లీ చదువుకున్నాకే బెల్‌విల్‌లో ప్రాక్టీసు.

రెండోది 1854. డెమోక్రాట్‌గా గెలిచిన లెఫ్టినెంట్ గవర్నర్ తన సొంత పార్టీ నాయకుడు స్టీఫెన్ డగ్లస్ తెచ్చిన కాన్సాస్-నెబ్రాస్కా చట్టాన్ని వ్యతిరేకించాడు, కొత్త భూభాగాల్లోకి బానిసత్వం పాకే దారి తెరిచిందని. తర్వాత రిపబ్లికన్ పార్టీలోకి మారాడు. ఇక్కడ ఒక వాక్యం తప్పనిసరిగా చేర్చండి: అప్పటి రిపబ్లికన్, డెమోక్రాట్ పేర్లకు ఇప్పటి అర్థాలు పెట్టుకోకూడదని. 1858 జూన్ 16న స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జరిగిన రిపబ్లికన్ రాష్ట్ర మహాసభకు అధ్యక్షత వహించింది కోర్నరే, లింకన్ ‘చీలిన ఇల్లు’ ప్రసంగం చేసింది ఆ సభ సందర్భంలోనే. 1860లో షికాగోలో జరిగిన రిపబ్లికన్ జాతీయ మహాసభకు ఆయన ప్రతినిధిగా వెళ్లాడు. వలసవచ్చినవాళ్ల పౌరసత్వ హక్కులు తగ్గించకూడదన్న పద్నాలుగో తీర్మానం అక్కడిదే. జర్మన్ ఓటర్లు ఆ పార్టీకి ఎందుకు దగ్గరయ్యారో చెప్పడానికి దాన్ని పూర్తిగా అనువదించి పెట్టండి.

న్యాయమూర్తి పదవి 1848లో ఎందుకు ముగిసిందో ఒక్క వాక్యంలో చెప్పేయొచ్చు: ఆ ఏడాది ఇల్లినాయ్‌కు కొత్త రాజ్యాంగం వచ్చి రాష్ట్ర సుప్రీంకోర్టును ముగ్గురు జడ్జీలకు కుదించి, వాళ్లను ఓట్లతో ఎన్నుకోమంది. కారణం చెప్పకుండా వదిలేస్తే, ఆయనను ఏదో తప్పుకు తీసేశారేమోనన్న అనుమానం పాఠకుడిలో మిగిలిపోతుంది.